పావురానికి జీను చాలలేదు

తాడిలంకలో వెంకటపతిరాజుగారి గుర్రం ఎంతగా బలిసిందో ఊళ్లో ఆయనొక్కరికి తప్ప అందరికీ తెలుసు. అందుకు ఆయన్ని అనడానికీ లేదు. కుడికాలికి బోదకాలు వచ్చినప్పటినుంచీ ఆయన లోకమంతా వీధి అరుగే. పాలేర్లకు పని పురమాయించడం, దారిన పోయేవాళ్లను పలకరించడం, మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చడం, అన్నీ అక్కడే. గుర్రపుసాల ఏమో పెరట్లో, వంటింటి గోడను ఆనుకుని ఉంది. అరుగుకూ పెరటికీ మధ్య ఎత్తైన గడపలున్నాయి. ఆ గడపలన్నీ ఈడ్చుకుంటూ దాటివెళ్లి, తను ఎక్కలేని గుర్రాన్ని చూసి రావడానికి ఆయనకు మనసొప్పలేదు.

గుర్రాన్ని చూసుకున్నదంతా ఆయన భార్య సూర్యావతి. కాపురానికి వచ్చిననాడు పల్లకీ తెరల చాటునుంచి ఆ ఇంట్లో దిగింది. ఊరు ఎలా ఉంటుందో ఆ తరవాత కూడా ఆవిడ సరిగా చూసింది లేదు. రాజుల ఇళ్లలో ఘోషా. గుడికి వెళ్లినా, పుట్టింటికి వెళ్లినా తెర కట్టిన గూడుబండే. తక్కిన రోజులన్నీ వంటిల్లు, వసారా, మనిషి ఎత్తుకు మించి గోడ కట్టిన పెరడు. ఆ గోడలో ఒకచోట గాలికోసం ఇటుకలు ఎడంగా పేర్చి కంతలు వదిలారు. వాటికి కన్ను ఆనిస్తే కాలవగట్టు, గట్టుమీద పోయేవాళ్లు కాస్త కాస్తగా కనిపిస్తారు.

గుర్రం పేరు పావురం. పెద్దాపురంలో మరిడమ్మ జాతర రోజుల్లో కొన్నది. ఒళ్లంతా పావురాయి రంగు, చెవుల చివర్లు మాత్రం నలుపు. రాజుగారు దానిమీద పొలాలు తిరిగిన కాలంలో సన్నగా, చురుగ్గా ఉండేది. ఆయన కాలు వాచి మంచం పట్టాక, అది కూడా దిగులు పడ్డట్టు తిండి మానేసింది. అప్పుడు సూర్యావతి కొంగు బిగించి, ఉలవ గుగ్గిళ్లు దోసిట్లో పట్టుకుని దాని మూతి దగ్గర పెట్టింది. మొదట వాసన చూసి తల తిప్పేసుకుంది. మర్నాడు పెదవులతో తడిమి నాలుగు గింజలు తీసుకుంది. ఆ తడి, ఆ వెచ్చటి ఊపిరి ఆవిడ అరచేతిలో ఉండిపోయాయి. ఇద్దరు కూతుళ్లూ అత్తవారిళ్లకు వెళ్లిపోయి ఇల్లు చిన్నబోయిన రోజులవి.

తరవాత ఆపడం ఆవిడ చేతకాలేదు. పొద్దున్న గంజి, తవుడు. మధ్యాహ్నం గుగ్గిళ్లు. సాయంత్రం దీపాలవేళకు రెండు అరటిపళ్లు. మధ్యలో ఎప్పుడు వంటింటి గుమ్మంలోకి వచ్చినా అది సాలలోంచి మెడ చాచి సన్నగా సకిలించేది. ఏదో ఒకటి చేతిలో పెట్టుకోకుండా దానికేసి వెళ్లడం ఆవిడకు తెలియలేదు.

ఆ ఏడు కోతలైపోయాక తాసిల్దారు వచ్చి అరుగుమీద కూర్చున్నాడు. సూర్యావతి ఎప్పటిలాగే లోపలి తలుపు వెనక నిలబడి మజ్జిగ పంపించింది.

"కొత్తగా వచ్చిన దొరగారికి గుర్రాలంటే ప్రాణమండి," అంటున్నాడు తాసిల్దారు. "మాఘమాసంలో భీమవరం మైదానంలో పశుప్రదర్శనం పెట్టిస్తున్నారు. ఎడ్లు, గేదెలు ఎలాగూ వస్తాయి. ఈ ప్రాంతంలో గుర్రాలే కనపడవని దొరగారు కాస్త చిన్నచూపుగా మాట్లాడారండి. తమబోటివారు పూనుకోవాలి. రామరాజుగారు తమ నల్లగుర్రాన్ని తెస్తామన్నారు."

రామరాజు అంటే రాజుగారి పెత్తండ్రి కొడుకు. ఆ పేరు వినగానే వెంకటపతిరాజుగారు ఆనుకున్న బాలీసు మీంచి లేచి కూర్చున్నారు.

"మా పావురం ఉంది గదండి. రాసుకోండి," అన్నారు.

తలుపు వెనక సూర్యావతి పక్కనే నిలబడిన దాసీ రత్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సూర్యావతికి మాత్రం నవ్వు రాలేదు.

మర్నాడు పాలేరు అటకమీంచి జీను దింపి దుమ్ము దులిపాడు. గుర్రాన్ని పెరటి దిడ్డివాకిలి గుండా చుట్టూ తిప్పి వీధిలోకి తీసుకొచ్చి అరుగుముందు నిలబెట్టాడు. లోపల్నుంచి చూస్తున్న సూర్యావతికి భర్త వీపు మాత్రమే కనిపిస్తోంది. ఆ వీపు కదలలేదు. పాలేరు జీను పైన వేసి, కడుపు కిందనుంచి తోలుపట్టీ లాగాడు. పట్టీ ఇవతలికి రాలేదు. గుర్రం కడుపు మీద మోకాలు ఆనించి మళ్లీ లాగాడు. పట్టీ చివరకూ దాన్ని బిగించే కొక్కేనికీ మధ్య జానెడు ఎడం అలాగే ఉండిపోయింది. పావురం మెడ తిప్పి, ఏం పెడతారా అన్నట్టు అందరి చేతులకేసీ చూసింది.

"ఏమండీ," అని లోపలికి పిలిచారు వెంకటపతిరాజుగారు. ఎంత కోపం వచ్చినా ఆ ఇంట్లో ఒకరినొకరు మీరనడం తప్పదు. "గుర్రాన్ని అప్పజెప్పాను మీకు. ఇప్పుడు నాకు ఇస్తున్నది ఏమిటండి?"

"అడిగితే పెట్టానండి."

"గుర్రం అడుగుతుందా అండి?"

"అడుగుతుందండి," అంది సూర్యావతి తలుపు వెనకనుంచి. 

అత్తగారు సంపూర్ణమ్మ వసారాలో జపమాల తిప్పుతూ అంతా విన్నది. "ఆ పెట్టినదేదో మనుషులకు పెట్టినా పుణ్యం దక్కేదండి అమ్మాయిగారూ," అంది.

పేరు ఇచ్చాక వెనక్కి తీసుకునే దారి లేదు. తాసిల్దారుకు చెప్పుకుంటే రామరాజు చెవిన పడుతుంది. దొరకు ఇచ్చిన మాట తప్పారనే మాట కూడా వస్తుంది. అందుకని రాజమహేంద్రవరం నుంచి ఖాదర్ సాహెబును పిలిపించారు. ఒకప్పుడు ఎవరో తెల్లదొర దగ్గర గుర్రాలు చూసినవాడు. నెరిసిన గడ్డం, వంకర కాళ్లు, నిదానమైన మాట. పావురం చుట్టూ రెండుసార్లు తిరిగి, డొక్కలమీద అరచేయి వేసి పక్కటెముకలకోసం వెతికాడు. దొరకలేదు.

"చూస్తానండి రాజుగారూ," అన్నాడు. "ఎంతవుతుందో అల్లా దయ."

మర్నాటినుంచి ఉలవలు బంద్. తవుడు బంద్. తూచిన ఎండుగడ్డి మాత్రమే. తక్కిన వేళల్లో ఏదీ నోట పెట్టకుండా ఎడ్లకు కట్టినట్టు మూతికి చిక్కం. పొద్దున్నా సాయంత్రమూ కాలవగట్టుమీద నడక. నడిచి వచ్చాక గడ్డిచుట్టతో ఒళ్లంతా రుద్దడం. సాహెబు పెరట్లోకి రాడు. దిడ్డి దగ్గర నిలబడి రత్తమ్మచేత కబురు చెప్పిస్తాడు. "అమ్మగారు ఏమీ అనుకోవద్దనమ్మా. కొన్నాళ్లు దాని మొహం చూడకుండా ఉంటే దానికీ సుఖం, వారికీ సుఖం."

సూర్యావతి ఆ మాట పాటించింది. పాటించడమంటే తేలిక కాదు. వంటింటి గుమ్మంలో పళ్లెం చప్పుడైతే చాలు, సాలలో గిట్టలు నేలను తాటించేవి. చిక్కంలోంచి వచ్చే సకిలింపు గుర్రం గొంతులా ఉండేది కాదు, జలుబు చేసిన పసిపిల్లాడు పిలిచినట్టుండేది. ఆవిడ పెరటివైపు కిటికీ మూయించింది. పొగ బయటకు పోక వంటమనిషి దగ్గుతూ వండింది. చేతులు కడుక్కోవడానికి కూడా వసారా చివరికి వెళ్లి, అటు వీపు పెట్టి కడుక్కునేది. అయినా దానికి తెలిసిపోయేది. అడుగుల చప్పుడును బట్టి అది ఆవిడ ఎక్కడుందో కనిపెట్టేది.

"ఒక్క గుప్పెడు పెడితే ఏం పోద్దమ్మగారూ?" అనేది రత్తమ్మ.

"వద్దు," అనేది సూర్యావతి. "ఒక్క గుప్పెడు అనుకునే ఇంతదాకా తెచ్చాను."

వారం గడిచింది, ఇంకో వారం గడిచింది. సాహెబు జీను వేసి పట్టీ లాగి చూస్తూనే ఉన్నాడు. మొదట్లో కాస్త దగ్గరైనట్టనిపించిన పట్టీ తరవాత కదలడం మానేసింది. గుర్రం నడుస్తోంది, చెమట పోస్తోంది, డొక్కలు మాత్రం ఎప్పటిలాగే గుండ్రంగా ఉన్నాయి. సాహెబు గడ్డి మరికాస్త తగ్గించాడు. నడక పెంచాడు. చివరకు ఒకనాడు అరుగుముందు నిలబడి గడ్డం గోక్కుంటూ, "ఈ గడ్డి తిని ఈ ఒళ్లు నిలవదండి. ఎవరో పెడుతున్నారు," అన్నాడు.

ఎవరో అన్నాడే గాని ఆ ఇంట్లో ఆ మాట అర్థం కానివాళ్లు లేరు.

ఆ సాయంత్రం సంపూర్ణమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి చేయి చాచింది. "తాళాలు ఇలా ఇవ్వండి అమ్మాయిగారూ. కొన్నాళ్లు నేను చూసుకుంటాను."

సరుకులుండే ఉగ్రాణం గది తాళాలవి. పెళ్లయిన కొత్తలో అత్తగారే స్వయంగా ఆవిడ నడుముకు తగిలించినవి. కూతుళ్ల పురుళ్లప్పుడు తప్ప ఎన్నడూ విప్పలేదు.

"నేను పెట్టలేదండి అత్తగారూ."

"మీరు పెట్టారని నేను అనలేదు కదండీ."

సూర్యావతి భర్తకేసి చూసింది. ఆయన గడప అవతల చేతికర్ర మీద బరువు వేసి నిలబడి ఉన్నారు. ఆయన నేలకేసి చూస్తున్నారు. ఆవిడ తాళాలగుత్తి విప్పి అత్తగారి చేతిలో పెట్టింది. రత్తమ్మ, వంటమనిషి తమకేమీ పట్టనట్టు చెంబులు సర్దుతూ ఉండిపోయారు.

తరవాతి రోజుల్లో ఉప్పు కావాలన్నా, పసుపు కావాలన్నా సూర్యావతి అత్తగారి దగ్గరకు వెళ్లి అడగాల్సివచ్చింది. అడిగినప్పుడల్లా సంపూర్ణమ్మ మర్యాదగానే ఇచ్చింది. ఆ మర్యాదే ఆవిడకు మింగుడు పడలేదు.

ఒకనాడు తెల్లవారుజామున ఆవిడ కల్లాపికి నీళ్లు తోడించడానికి లేచింది. పెరట్లో మంచు పొగలా కమ్ముకుని ఉంది. సాల దగ్గర కర్ర ఠంగుమన్న చప్పుడయింది. ముందు పాలేరు అనుకుంది. కాని దిడ్డి వేసే ఉంది. వసారా స్తంభం చాటున నిలబడి చూసింది.

వెంకటపతిరాజుగారు సాలలో రాటకు ఆనుకుని నిలబడ్డారు. వాచిన కాలు పక్కకు చాచుకున్నారు. చిక్కం విప్పి రాటకు తగిలించారు. ఉత్తరీయం ముడిలోంచి బెల్లంముక్క తీసి విరిచి, అరచేతిలో పెట్టి అందిస్తున్నారు. వీధి సావిడిలో తాటాకు బుట్టల్లో కట్టి ఉంచిన కొత్తబెల్లం. దానికి ఉగ్రాణం తాళం అక్కర్లేదు. పావురం అరచేయంతా నాకి, ఆయన భుజంమీద గడ్డం ఆనించి కళ్లు మూసుకుంది. ఆయన దాని చెవి వెనక గోకుతూ ఏదో చెబుతున్నారు. ఆ మాటలు ఆవిడకు వినిపించలేదు. పెళ్లినాటినుంచీ ఆయన అంత నెమ్మదిగా మాట్లాడగా ఆవిడ ఎన్నడూ చూడలేదు.

ఆవిడ స్తంభం చాటునుంచి ఇవతలికి వచ్చింది. ఆయన ఉలిక్కిపడి మిగిలిన బెల్లం ముడిలో దాచబోయారు. దాచలేకపోయారు.

"చూస్తూ ఊరుకోలేకపోయానండి," అన్నారు. "జీను వేసి నిలబెట్టిన రోజున నాకేసి చూసింది. గుర్తుపట్టింది. ఇన్నాళ్లూ ఒక్కసారి కూడా లోపలికి వచ్చి చూడలేదు దీన్ని. అయినా గుర్తుపట్టింది."

"రోజూ వస్తున్నారా అండి?"

ఆయన గుర్రం జూలు సర్దారు.

"ఆ గడపలన్నీ దాటుకునా?"

"కూర్చుని దాటుతున్నానండి," అన్నారు సిగ్గుపడుతూ. "ఎవరూ లేవకముందు."

సూర్యావతికి ముందు కోపం వచ్చింది. తాళాలు తీసిన నడుము ఖాళీగా గుర్తొచ్చింది. చీకట్లో నేలమీద కూర్చుని, వాచిన కాలు చేతులతో ఎత్తి గడప అవతల పెట్టుకునే మనిషి కళ్లముందు కనిపించేసరికి, ఆ కోపం ఎటు పోవాలో తెలియక ఆగిపోయింది.

"అత్తగారితో ఒక్కమాట చెబితే నా తాళాలు నాకు వస్తాయండి," అంది.

"చెప్పాలి," అన్నారాయన. "చెప్పాలనే ఉందండి. ఎలా చెప్పను? గుర్రాన్ని తగ్గించమని రాజమహేంద్రవరం నుంచి మనిషిని పిలిపించింది నేనే కదా. నలుగురిలో నా మొహం..." ఆ మాట పూర్తిచేయలేదు. "ప్రదర్శనం అయిపోనివ్వండి. ఆ తరవాత నేనే చెబుతాను."

ఆవిడ సాలలోకి వచ్చింది. చిక్కం తీసుకుని పావురం మూతికి తనే కట్టింది. అది కట్టించుకుంది, కాని చిక్కం లోపలినుంచే ఆవిడ వేళ్లను పెదవులతో వెతుకుతూ ఉంది. ఆయన్ని భుజం పట్టి లోపలికి నడిపించుకొచ్చింది. గడపల దగ్గర ఆయన కూర్చోలేదు. ఆవిడ పట్టుకుంటే నిలబడే దాటారు.

మర్నాటినుంచి ఆయన వెళ్లడం మానారో, ఇంకా ముందే లేవడం మొదలుపెట్టారో ఆవిడ కనుక్కోలేదు. కనుక్కుని చేసేదేమీ లేదు.

ప్రదర్శనం దగ్గరపడేసరికి సాహెబు చేతులెత్తేశాడు. చెప్పులు కుట్టేవాణ్ణి పిలిపించి జీనుపట్టీకి కొత్తతోలు అతికించి కుట్టించాడు. పట్టీ అందింది. ముందురోజు గుర్రానికి గడ్డి కూడా పెట్టవద్దన్నాడు. కడుపు ఖాళీగా ఉంటే కాస్త లోపలికి పోయినట్టు కనిపిస్తుందట. ఆ రోజంతా పావురం సకిలిస్తూనే ఉంది. సాయంత్రానికి గొంతు బొంగురుపోయి సకిలించడం కూడా మానేసింది. సూర్యావతి అన్నం ముందు కూర్చుని, కలిపి, లేచిపోయింది.

ప్రదర్శనం నాడే సంపూర్ణమ్మకు భీమవరంలో భీమేశ్వరస్వామి అభిషేకం మొక్కు. అత్తాకోడళ్లిద్దరూ గూడుబండిలో బయల్దేరారు. దర్శనం చేసుకుని, ప్రసాదంగా ఇచ్చిన కొబ్బరిచెక్కలు, అరటిపళ్ల అత్తం ఒళ్లో పెట్టుకుని తిరుగుదారి పట్టారు. ఆ దారి మైదానం అంచునుంచే పోతుంది. జనం విరగబడి ఉన్నారు. ఎడ్లు, గేదెలు, మిఠాయి దుకాణాలు, కచేరీ బంట్రోతుల కేకలు. బండి ముందుకూ పోలేదు, వెనక్కూ పోలేదు. బండివాడు పక్కనున్న తుమ్మచెట్టు కిందకు తోలి ఎడ్లను నిలిపాడు.

సూర్యావతి తెర అంచును వేలితో కాస్త తప్పించింది. అత్తగారు చూసి కూడా వద్దనలేదు. ఆవిడకూ చూడాలనే ఉంది.

పందిరి కింద కుర్చీలో దొర, పక్కన తాసిల్దారు. ఇంకోపక్క బెంచీలమీద రాజులు. చివర్న కాలు చాపుకుని వెంకటపతిరాజుగారు. రామరాజుగారి నల్లగుర్రం అప్పటికే మైదానం చుట్టూ తిరిగి వచ్చి, ఎండలో నిగనిగలాడుతూ నిలబడి ఉంది. బంట్రోతు కేకేశాడు. "తాడిలంక వెంకటపతిరాజుగారి గుర్రం!"

పావురం వచ్చింది. మెడకు పట్టుతాడు, జూలుకు ఎర్రదారాలు. పైన తలపాగా కట్టుకుని ఖాదర్ సాహెబు. జనంలో ముందు ఒక మూల కిసుక్కుమంది, తరవాత నవ్వు మెల్లగా చుట్టూ పాకింది. పావురం ఆ నవ్వును పట్టించుకోకుండా బుద్ధిగా నడిచింది. నడిచినంతసేపూ బాగానే ఉంది. పరుగు పెట్టించమని పందిరి కిందనుంచి సైగ చేశారు. సాహెబు మడమలతో పొడిచాడు. పావురం నాలుగు గంతులు వేసిందో లేదో, కడుపుకింద కొత్తతోలు కుట్టు పటుక్కున తెగింది. జీను మెల్లగా ఒకపక్కకు జారింది. జీనుతోపాటు సాహెబు కూడా జారి, ఎంత మర్యాదగా పడవచ్చో అంత మర్యాదగా నేలమీద కూర్చున్నాడు.

పావురం ఆగి చెవులు నిక్కించింది. గాలి తుమ్మచెట్టువైపునుంచి వీస్తోంది.

అది తిరగడం సూర్యావతి చూసింది. ఏం జరగబోతోందో అక్కడున్న అందరికంటె ముందు ఆవిడకే తెలిసింది. ఏమీ చేయలేదు. అరవడానికి లేదు, దిగడానికి లేదు, బండి కదిలే దారి లేదు. "అత్తగారూ, పళ్లు అవతల పారేయండి," అని మాత్రం అనగలిగింది. ప్రసాదం పారేయమనడమేమిటో సంపూర్ణమ్మకు అర్థం కాలేదు. పళ్ల అత్తాన్ని మరింత దగ్గరకు హత్తుకుంది.

జీను కడుపుకింద వేలాడుతుండగా పావురం జనాన్ని చీల్చుకుంటూ వచ్చి తల నేరుగా తెరలోకి దూర్చింది. వెదురుబద్ద విరిగింది. తెర ఊడి దాని చెవులకు చిక్కుకుంది. ఎడ్లు బెదిరాయి. బండివాడు వాటి ముకుతాళ్లు పట్టుకుని వేలాడాడు. సంపూర్ణమ్మ కెవ్వుమని కొంగు మొహంమీదకు లాక్కుంది. పావురం ఆవిడ ఒళ్లో ఉన్న అరటిపళ్లను తొక్కలతో సహా నమలడం మొదలుపెట్టింది.

సూర్యావతి మీద ఎండ పడింది. ముందు కళ్లు చెదిరాయి. తరవాత మొహాలు కనిపించాయి. తెర సందులోంచి ముక్కలుగా కాదు, వందలకొద్దీ మొహాలు, అన్నీ తనవైపే తిరిగి ఉన్నాయి. నవ్వుతున్నవాళ్లు నవ్వు మధ్యలోనే ఆపేశారు. కొంగు లాక్కోవాలని తెలుసు. కాని గుర్రం కంటికి వెదురుచీలిక గుచ్చుకునేలా ఉంది. ఆవిడ రెండు చేతులూ ఆ చీలికను పక్కకు పట్టుకోవడంలో ఉన్నాయి.

"పావురం, ఆగు. ఆగు నాన్నా," అంది. నిశ్శబ్దంగా ఉన్న మైదానంలో ఆ మాట చాలా దూరం వినిపించింది.

బెంచీ మీంచి వెంకటపతిరాజుగారు లేచారు. పందిరికీ తుమ్మచెట్టుకూ మధ్య ఎంతో దూరం లేదు. కాలు బాగున్నవాడు నాలుగు అంగల్లో వచ్చేవాడు. ఆయన కర్ర నాటి, మంచికాలు వేసి, వాచిన కాలు ఈడ్చి, మళ్లీ కర్ర నాటి వస్తున్నారు. ఎవరూ సాయం రాలేదు. రామరాజుగారు లేచి నిలబడి, ఏం చేయాలో తోచక మళ్లీ కూర్చున్నారు. భర్త వస్తున్నంతసేపూ సూర్యావతి తెర లేని బండిలో అందరి ఎదుటా కూర్చుని ఉంది. అంతసేపూ ఆయన ఆవిడకేసే చూస్తూ వచ్చారు.

వచ్చి, బండికి వీపు పెట్టి నిలబడి, ఉత్తరీయం రెండు చేతులా బారచాపి పట్టుకున్నారు. 

పందిరి దగ్గరనుంచి తాసిల్దారు పరుగెత్తుకుంటూ వచ్చాడు. "దొరగారు చాలా సంతోషించారండి. ఈ ప్రదర్శనంలో ఇంత సుఖంగా బతికిన గుర్రం మరొకటి లేదని తమతో చెప్పమన్నారండి."

"సంతోషమండి," అన్నారు వెంకటపతిరాజుగారు చేతులు దించకుండానే.

ఆ రాత్రికి తాడిలంకలో అందరికీ తెలిసింది, తెల్లారేసరికి చుట్టుపక్కల ఊళ్లకూ తెలిసింది. రాజుగారి భార్య మొహం చూశామన్నవాళ్ల కంటె, గొంతు విన్నామన్నవాళ్లు ఎక్కువమంది తేలారు. గుర్రాన్ని నాన్నా అందట అని చెప్పుకున్నారు.

సంపూర్ణమ్మ కేకలు వేయలేదు. మర్నాడు పొద్దున్న కొడుకునూ కోడలినీ వసారాలోకి పిలిపించింది. "ఆ గుర్రం ఈ లోగిట్లో ఉన్నంతకాలం నేను మంచినీళ్లు ముట్టనండి బాబుగారూ," అంది. ముందు పెట్టిన మరచెంబు ముట్టలేదు కూడా.

వెంకటపతిరాజుగారు భార్యకేసి చూశారు. ఆవిడ ఏదన్నా అంటే ఆ మాట పట్టుకుని తను నిలబడదామని చూశారు. ఆవిడ ఆయనకేసి చూసింది. ఆయన అంటే వెనక తనుందామని చూసింది. ఉంచుదామనే మాట ఇద్దరి నోటిదాకా వచ్చి ఉంటుంది. అత్తగారి పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఆవిడ ముసలిమనిషి, అన్నమాట మీద నిలబడే మనిషి.

"అలాగేనండి అమ్మగారూ," అన్నారాయన.

భీమవరం మిషను దొర ప్రదర్శనంలో పావురాన్ని చూసి ముచ్చటపడ్డాడని తాసిల్దారే చెప్పాడు. నెమ్మదైన గుర్రం కావాలట, బడులు చూసుకోవడానికి ఊరూరా తిరిగే తమ పంతులుకు. ఖాదర్ సాహెబే దిడ్డిదగ్గర పగ్గం పట్టుకున్నాడు. తనవల్ల జరిగిందని అతడికి దిగులు. "నేను మంచి కుట్టు వేయించలేదమ్మా," అని రత్తమ్మతో చెప్పి పంపాడు. సూర్యావతి సాలదాకా వెళ్లలేదు. వెళ్తే అది కదలదని తెలుసు. గోడ కంతలకు కన్ను ఆనించి చూసింది. సాహెబు పచ్చగడ్డి పరక ఒకటి ముందు పట్టుకుని నడిచాడు. పావురం ఆ పరకనే చూస్తూ అతడి వెనక వెళ్లిపోయింది. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

ఆ సాయంత్రం వంటింటి గూట్లో తాళాలగుత్తి కనిపించింది. ఎవరు పెట్టారో ఎవరూ చెప్పలేదు. బెల్లం మాట మాత్రం వెంకటపతిరాజుగారు తల్లికి చెప్పలేదు. సూర్యావతీ అడగలేదు.

ఎండలు ముదిరాక ఒకరోజు రత్తమ్మ పరుగున వచ్చింది. "అమ్మగారూ, మన పావురం! కాలవగట్టుమీద వస్తోంది."

మిషను బడి పంతులు జ్ఞానప్రకాశం గుర్రాన్ని ఊరి పొలిమేర దాకా ఎక్కి వచ్చాడు. రాజుల ఇళ్లు కనపడేచోట దిగాడు. మాలపల్లెలో పుట్టినవాడు ఆ గట్టుమీద గుర్రమెక్కి పోతే ఏమవుతుందో అతడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. చెప్పులు కూడా విప్పి చేత పట్టుకుని, పగ్గం పట్టి తలవంచుకుని ఎండలో నడుస్తున్నాడు. వెనక ఖాళీ జీనుతో పావురం. ఆ తరవాత అతడు ఆ దారిన తరచూ వచ్చేవాడు.

అతడు వచ్చే వేళకు వెంకటపతిరాజుగారు అరుగు వదిలి లోపలికి రావడం మొదలుపెట్టారు. సూర్యావతి చేయి పట్టుకుని గడపలు దాటి వసారాలో బల్లమీద కూర్చునేవారు. గోడ కంతలదాకా వంగి చూడడానికి ఆయన కాలు ఒప్పదు. ఆవిడే చూసి చెప్పాలి.

"చిక్కిందా అండి?"

"చిక్కిందండి. పక్కటెముకలు తెలుస్తున్నాయి."

"నడక?"

"తేలిగ్గా నడుస్తోందండి. మీరు ఎక్కిన రోజుల్లోలా ఉంది."

ఒకనాడు పావురం పెరటిగోడ దగ్గరకు రాగానే ఆగింది. నల్లటి చెవుల చివర్లు గోడవైపు తిప్పి, మెడ చాచి సన్నగా ఊపిరి వదిలింది. జ్ఞానప్రకాశం పగ్గం లాగలేదు. గోడవైపు చూడకుండా కాలవ నీళ్లకేసి చూస్తూ నిలబడ్డాడు. గోడకు ఇవతల సూర్యావతి, ఇటుకల మీద అరచేతులు ఆనించి, ఊపిరి కూడా గట్టిగా తీయకుండా నిలబడింది. కాసేపయ్యాక పావురం తనంతట తనే కదిలింది.

"ఆగిందా అండి?" అన్నారు వెంకటపతిరాజుగారు వెనకనుంచి. "చప్పుడు ఆగినట్టయింది."

"లేదండి," అంది సూర్యావతి. "పోయింది."

"పోనీండి. అలవాటు పడింది," అన్నారాయన. లేవడానికి చేయి చాచారు.